ఆమెను నమ్మి కొన్నాను, ఇప్పుడు ఎవరిని నమ్మాలి?

ప్రశ్న: నేను మూడేళ్లుగా ఒక అమ్మాయి వీడియోలు చూస్తున్నాను. ఆమె మాట, నవ్వు, ఆమె ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో కూడా నాకు తెలుసు. మూడు నెలల క్రితం ముఖం మీద మచ్చలకు ఒక సీరమ్ వాడానని, దాంతో తన జీవితమే మారిపోయిందని చెప్పింది. ఇంకేం ఆలోచించకుండా ఆమె ఇచ్చిన లింక్‌లోనే కొన్నాను. పదో రోజుకి బుగ్గలు ఎర్రబడి పొక్కులు వచ్చాయి. అలవాటు పడటానికి టైమ్ పడుతుందేమోనని ఇంకా రాస్తూ పోయాను, పెరిగింది తప్ప తగ్గలేదు. పోయిన వారం అదే అమ్మాయి ఇంకో కంపెనీ సీరమ్ పట్టుకుని దాదాపు అవే మాటలు చెప్పింది, "నా జీవితమే మారిపోయింది" అని. చూస్తుంటే ఏడుపొచ్చింది. మా ఆయనకు చెబితే "ఇవన్నీ డబ్బులిచ్చి చెప్పిస్తారు, ఆ మాత్రం తెలీదా?" అని నవ్వేశారు. నేను నిజంగా అంత తెలివితక్కువదాన్నా? ఈ ఇన్‌ఫ్లుయెన్సర్లు చెప్పేవాటిలో అసలు నిజం ఉంటుందా, లేక అందరూ ఇంతేనా? ఇంత జరిగినా ఆమెను అన్‌ఫాలో చేయబుద్ధి కావడం లేదు, నాకు అదే ఇంకా బాధగా ఉంది.
ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ ముఖం సంగతి చూద్దాం, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆ సీరమ్ ఆపేశానని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, చదువుతుంటే నాకు కంగారు వేసింది. ఇంకా రాస్తుంటే ఈ రోజే ఆపేయండి. ఈ మధ్య కొత్తగా మొదలుపెట్టినవి ఇంకేమైనా ఉంటే అవి కూడా. ఘాటు లేని ఒక ఫేస్‌వాష్, సువాసనలు కలపని ఒక మాయిశ్చరైజర్, ప్రస్తుతానికి అంతే చాలు. పగటి వెలుతురులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి, ఫిల్టర్ లేకుండా. కోపంతో ఆ సీసా పారేయొద్దు, అట్టపెట్టె ఉంటే దాన్ని కూడా దాచండి. చర్మ వైద్యుల దగ్గరికి రెండూ పట్టుకెళ్లండి, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది దాని వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా. ఏది పడలేదో చూడగానే తేలకపోతే ప్యాచ్ టెస్ట్ చేస్తారు. వీపు మీద రకరకాల పదార్థాలను చిన్న చిన్న పట్టీలతో అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులాగి ఇంకోసారి చూస్తారు. అందులో మీకు పడని పదార్థం పేరు బయటపడిందంటే ఆ పేరు మీకు జీవితాంతం పనికొస్తుంది, ఏ సీసా కొన్నా ముందు దాని కోసమే వెతుకుతారు.

అలవాటు పడటానికి టైమ్ పడుతుందని మీరు అనుకోవడం వెనక కూడా ఏదో ఒక వీడియోలో విన్న మాటే ఉండి ఉంటుంది. అందులో సగం నిజం ఉంది. రెటినాయిడ్ల (విటమిన్ ఎ రకం మందుల) లాంటివి మొదలుపెట్టినప్పుడు కొందరికి మొదటి వారాల్లో మొటిమలు కాస్త ఎక్కువై తర్వాత తగ్గుతాయి. కానీ బుగ్గలు ఎర్రబడి, మంట, దురద, పొక్కులు వస్తున్నాయంటే చర్మం వద్దంటోందనే అర్థం. ఆ తేడా చెప్పకుండా "భయపడకండి, వాడుతూ ఉండండి" అని ఊరుకునే వీడియోలు చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. వాళ్ల మాట విని రాసుకునేది ఎవరి ముఖానికో వాళ్లకు తెలీదు.

ఇక తెలివితక్కువదాన్నా అన్న ప్రశ్న. కాదండీ. మీరు చేసింది మనుషులంతా చేసేదే. 1956లో డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు టీవీ, రేడియో చూసేవాళ్ల గురించి ఒక వ్యాసం రాశారు. తెర మీద ఒక మనిషి నేరుగా మన వైపు చూస్తూ, మనతోనే మాట్లాడుతున్నట్టు రోజూ కనపడుతుంటే, ఆ మనిషితో మనకు ముఖాముఖి పరిచయం ఉన్నట్టే అనిపిస్తుందని, అవతలి మనిషికి మాత్రం మనం ఎవరో తెలియదని వాళ్లు అన్నారు. అప్పటికి టీవీ ఇంకా కొత్త. ఇప్పుడు ఆ మనిషి మన అరచేతిలో, మన మంచం మీద, రాత్రి పదకొండింటికి, మేకప్ తీసేసుకుంటూ తన దిగుళ్లు చెప్పుకుంటోంది. మూడేళ్లు రోజూ అలా విన్న గొంతును మీ మనసు స్నేహితురాలి గొంతుగా లెక్కేసుకుంది. ఆ గొంతు "ఇది వాడు" అంటే మీరు కొన్నారు. ఆ నమ్మకం కోసమే కంపెనీలు ఆమెకు డబ్బులిస్తాయి. సినిమా తారతో ప్రకటన చేయిస్తే అది ప్రకటన అని చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, మీ స్నేహితురాలు చెబితే తెలియదు.

మా అక్క కూతురు కూడా వీడియోలు చేస్తుంది. లక్షల్లో ఫాలోవర్లు లేరు గానీ, చూసేవాళ్లు శ్రద్ధగా చూస్తారు. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు తనకు ఒక కంపెనీ పంపిన పెట్టె వెంట తెచ్చుకుంది. లోపల రంగు కాగితాల ముక్కలు, తన పేరు చేత్తో రాసిన ఒక కార్డు, మధ్యలో షాంపూ సీసా. ఎంత ముద్దుగా సర్దారో. ఆ కార్డు చదివి తను ఎంత సంబరపడిందో నేను చూశాను. తర్వాత ఫోన్‌లో మెయిల్ తెరిచి చూపించింది. ఒకటిన్నర పేజీ ఉంది, వాళ్ల భాషలో దాన్ని బ్రీఫ్ అంటారు. మొదటి మూడు సెకన్లలో సీసా కనపడాలి. లేబుల్ కెమెరా వైపు ఉండాలి. వెనక వేరే కంపెనీల సీసాలు ఉండకూడదు. ఇంకో నెల వరకు వేరే ఏ షాంపూ గురించీ మాట్లాడకూడదు. వీడియో ముందు మాకు పంపాలి, మేం సరే అన్నాకే పెట్టాలి. చెప్పాల్సిన మాటల్లో ఒకటి, "రెండు నెలలుగా వాడుతున్నాను, జుట్టు రాలడం బాగా తగ్గింది." అన్నిటికన్నా కింద ఇంకో లైను: స్క్రిప్ట్ చదివినట్టు ఉండకూడదు, మీ మనసులోంచి వచ్చినట్టు చెప్పండి.

పెట్టె వచ్చి ఆరు రోజులైంది. సీసా మూతకు సీల్ ఇంకా అలాగే ఉంది.

తను ఆ కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి "ఈ రోజే మొదలుపెడతాను, నెల తర్వాత ఎలా ఉంటే అలా చెబుతాను" అంది. మా ప్లాన్‌కు అది కుదరదు అన్నారు, మర్యాదగానే. వాళ్లు ఇస్తామన్న డబ్బు తన కోర్సు ఫీజులో ఒక వాయిదాకు సరిపోతుంది. రెండు రోజులు ఆలోచించింది, మా అక్కతో మాట్లాడింది, ఆఖరికి పెట్టె వెనక్కి పంపేసింది. తర్వాతి వారం ఒక సాయంత్రం మేమిద్దరం కూర్చుని ఫోన్ చూస్తుంటే ఒకరి తర్వాత ఒకరు నలుగురు అమ్మాయిలు అదే సీసా పట్టుకుని, లేబుల్ ఇటు తిప్పి, "రెండు నెలలుగా వాడుతున్నాను" అన్నారు. ఆ నలుగురూ చెడ్డవాళ్లని నేను అనను. వాళ్లకూ ఏదో ఒక ఫీజు, ఏదో ఒక అద్దె ఉండి ఉంటుంది. కానీ ఆ వీడియోలు చూసి ఎంతమంది తలకు ఆ షాంపూ పట్టించి ఉంటారో అనిపించింది.

అప్పటి నుంచి ఎవరు ఏం చూపించినా నేను నాలో నేను ఒక్కటే అడుగుతాను. ఇది బాగాలేదని చెప్పే వీలు ఈ మనిషికి ఉందా? మనం సాధారణంగా "ఈమె నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా" అని ముఖంలోకి చూస్తాం. ఆ ప్రశ్నతో ఎటూ తేలదు, ఎందుకంటే ఆమెకు ఆ సీరమ్ నిజంగానే నచ్చి ఉండొచ్చు. నచ్చకపోయి ఉంటే మనకు ఎలా తెలిసేది అన్నది అసలు సంగతి. చాలాసార్లు తెలిసేదే కాదు, ఆ వీడియో వచ్చేదే కాదు. పది వస్తువులు వచ్చి, ఏడు నచ్చక పక్కన పడేసి, మూడింటి గురించి మనసారా మెచ్చుకుంటే అందులో అబద్ధం ఒక్కటీ లేదు, అయినా ఆ ఏడింటి సంగతి మనకు చేరలేదు. తెలిసిన స్నేహితురాలైతే "అది మాత్రం కొనకే, దండగ" అని ఆ ఏడూ ముందు చెప్పేది.

డబ్బు ఎన్ని దారుల్లో వస్తుందో తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. నేరుగా వీడియోకి ఇంత అని ఇవ్వడం ఒకటి. రెండోది ఉచితంగా వస్తువు పంపడం. దీనికి మాట్లాడి తీరాలన్న షరతు ఉండకపోవచ్చు, కానీ బాగాలేదని చెప్పినవాళ్లకు తర్వాతి పెట్టె వస్తుందో రాదో అన్న బెరుకు ఉంటుంది. మూడోది మీరు నొక్కిన లింక్. ఆ లింక్ చివర ఆమె గుర్తు ఒకటి దాగి ఉంటుంది, దాని ద్వారా మీరు కొంటే ఆమెకు కమిషన్ వెళ్తుంది. అమెజాన్ లాంటి చోట్ల మామూలుగా లింక్ నొక్కిన 24 గంటల్లోపు మీరు కొన్న ఇతర వస్తువుల మీద కూడా ఆమెకు కమిషన్ రావచ్చు, సీరమ్ కోసం వెళ్లి చెప్పులు కొన్నా సరే. ఆమె పేరుతో ఉండే డిస్కౌంట్ కోడ్ పని కూడా అదే. మీకు కాస్త తగ్గుతుంది, ఎవరి మాట మీద ఎన్ని అమ్ముడుపోయాయో కంపెనీకి లెక్క తేలుతుంది. కమిషన్ తీసుకోవడం తప్పేమీ కాదు. వీడియో తీయడం పనే, పనికి డబ్బు రావాలి. ఆ సంగతి మనకు ముందే, స్పష్టంగా, అడగకుండానే చెప్పాలి, నా పట్టుదల అంతా దాని గురించే.

చెబుతున్నారా అంటే, తక్కువ. యూరోపియన్ కమిషన్ 2024లో బయటపెట్టిన పరిశీలనలో 576 మంది ఇన్‌ఫ్లుయెన్సర్ల పోస్టులు చూశారు. వాళ్లలో 97 శాతం మంది డబ్బుతో ముడిపడిన పోస్టులు పెట్టారు, అది ప్రకటన అని ఎప్పుడూ క్రమం తప్పకుండా చెప్పినవాళ్లు మాత్రం ఐదుగురిలో ఒక్కరే. బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థ 2020 సెప్టెంబర్‌లో మూడు వారాల పాటు 122 మంది ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన 24,000కు పైగా స్టోరీలు చూస్తే, వాటిలో ప్రకటనలుగా తేలినవాటికి 35 శాతానికే సరైన గుర్తు ఉంది. అంటే మీ కళ్ల ముందు నుంచి వెళ్లే ప్రకటనల్లో చాలావాటి మీద ప్రకటన అని రాసి ఉండదు. మీకు తెలియకపోవడంలో వింతేముంది?

ఒక గౌను కథ చెబుతాను. 2015 మార్చిలో ఒక వారాంతంలో ఇన్‌స్టాగ్రామ్‌లో యాభై మంది ఫ్యాషన్ అమ్మాయిలు ఒకే డిజైన్ గౌను వేసుకుని ఫొటోలు పెట్టారు. ఒక్కొక్కరు ఒక్కోలా వేసుకున్నారు, తమకు నచ్చినట్టు. చూసేవాళ్లకు ఈ గౌను ఇప్పుడు అందరికీ నచ్చేస్తోందనే అనిపించింది, అది కాస్తా మొత్తం అమ్ముడుపోయింది. ఆ గౌను లార్డ్ అండ్ టేలర్ అనే అమెరికా దుకాణాల సంస్థది. యాభై మందికీ గౌను ఉచితంగా ఇచ్చి, పైగా ఒక్కొక్కరికి 1,000 నుంచి 4,000 డాలర్ల దాకా చెల్లించారు, ఏ రోజుల్లో పెట్టాలో చెప్పారు, పోస్టులను ముందే చూసి మార్పులు కూడా చేశారు. కంపెనీ పేరు పెట్టాలని ఒప్పందంలో ఉంది, డబ్బు తీసుకున్నామని చెప్పాలని మాత్రం లేదు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టాక 2016లో ఇదంతా బయటికొచ్చింది. నాకు ఇందులో ఎక్కువ గుచ్చుకున్నది ఆ "అందరికీ" అన్న మాట. ఒకరు చెబితే సందేహించేవాళ్లం కూడా నలుగురు చెబితే నమ్మేస్తాం. ఆ నలుగురినీ ఒకరే కూడగట్టారని మనకు కనపడదు. ఒకే వారంలో ఒకే వస్తువు పది మంది చేతుల్లో కనపడిందంటే, అది అంత గొప్పదని అనుకునే ముందు కాస్త ఆగండి.

గుర్తు పెట్టినా ఎక్కడ పెట్టారో చూడాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద రెండు మూడు లైన్లే కనపడతాయి, మిగతాది "మోర్" అని నొక్కితేనే తెరుచుకుంటుంది. 2020లో అదే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ టీమీ అనే టీ కంపెనీ మీద కేసు పెట్టినప్పుడు వచ్చిన ఆరోపణల్లో ఇది కూడా ఒకటి. పేరున్న వాళ్లు ఆ టీని మెచ్చుకుంటూ పెట్టిన పోస్టుల్లో డబ్బు సంగతి ఆ మడత కింద ఉండిపోయింది. అప్పుడు ఆ పోస్టులు పెట్టిన పది మందికి హెచ్చరిక లేఖలు కూడా వెళ్లాయి. చాలా దేశాల్లో ఇప్పుడు నియమాలు వచ్చాయి. భారత్‌లో 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. వీడియో అయితే ఇది ప్రకటన అన్న మాట రాతలోనే కాక నోటితో కూడా చెప్పాలని, లైవ్ అయితే చివరిదాకా కనపడుతూ ఉండాలని అందులో ఉంది. ఫ్రాన్స్ అదే ఏడాది జూన్‌లో ఏకంగా చట్టం చేసింది, తప్పితే రెండేళ్ల వరకు జైలు, 3 లక్షల యూరోల వరకు జరిమానా. అమెరికాలో 2024 నుంచి డబ్బిచ్చి దొంగ ఫాలోవర్లను కొనుక్కుని పలుకుబడి ఉన్నట్టు చూపించుకోవడం మీద కూడా నిషేధం వచ్చింది. నియమాలు మంచివే, నేను వాటి పక్షమే. కానీ రాత్రి పదకొండింటికి మీరు ఫోన్ చూసేటప్పుడు మీ పక్కన ఏ అధికారీ ఉండరు కదా.

ఇంకో సంగతి నాకు ఇంతకన్నా ముఖ్యంగా అనిపిస్తుంది. పైసా తీసుకోకుండా, పూర్తి నిజాయితీతో చెప్పే మనిషికి కూడా కొన్ని విషయాలు తెలిసే అవకాశమే లేదు. లిప్‌స్టిక్ రంగు ఎలా ఉందో, బ్యాగు జిప్పు పట్టేస్తోందో లేదో, మైకులో గొంతు ఎలా వినిపిస్తోందో ఆమె చూపించగలదు, మీరు చూడగలరు. అలాంటివాటికి వీడియో చాలా మంచి సాయం. సన్‌స్క్రీన్ ఎండ నుంచి ఎంత కాపాడుతోందో ఆమె ఎలా చెబుతుంది? అది ప్రయోగశాలలో కొలవాల్సింది, ముఖానికి రాసుకుని "చాలా బాగుంది" అంటే అది జిడ్డుగా లేదని మాత్రమే అర్థం. మచ్చల సీరమ్ వారంలో పని చేసిందన్నా అంతే. చర్మం పై పొర పూర్తిగా కొత్తదవడానికే దాదాపు నెల పడుతుంది, వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. వారానికే తేడా కనపడిందంటే అది చాలావరకు తేమ వల్ల వచ్చిన మెరుపు, లేదంటే లైటు, ఫిల్టర్.

జుట్టు సంగతి ఇంకా చిత్రం. పెద్ద జ్వరం వచ్చాకో, కాన్పు అయ్యాకో రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలవుతుంది. మనిషి హడలిపోతుంది, ఏదో ఒక నూనె, ఏదో ఒక మాత్ర మొదలుపెడుతుంది. ఇలా రాలడం చాలామందిలో దానంతట అదే కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. తగ్గినప్పుడు చేతిలో ఏ సీసా ఉంటే దానికి పేరొస్తుంది. ఆమె కళ్లనీళ్లతో "ఇదే నా జుట్టు నిలబెట్టింది" అంటుంది, మనస్ఫూర్తిగా అంటుంది, ఆమె నమ్మింది కాబట్టి. ఆమె ముఖంలో నిజాయితీ వెతికితే బోలెడంత దొరుకుతుంది. నూనె పని చేసిందా లేదా అన్నది మాత్రం అక్కడ దొరకదు. అందుకే ముఖం చూసి నమ్మొద్దని అంటున్నాను, ఆమె మంచిదైనా సరే.

ఇక ఆరోగ్యం, డబ్బు. ఈ రెండిటి దగ్గర ఎవరి మాటా వినకండి, ఎంత ఇష్టమైన మనిషైనా. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే ఆమె తనకు మెదడు క్యాన్సర్ ఉందని, తిండి మార్చుకుని దాన్ని తగ్గించుకుంటున్నానని చెప్పి ఒక యాప్, ఒక పుస్తకం అమ్మింది. అసలు క్యాన్సరే లేదని 2015లో ఒప్పుకుంది, 2017లో అక్కడి ఫెడరల్ కోర్టు 4,10,000 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఆమెను నమ్మినవాళ్లలో నిజంగా క్యాన్సర్ ఉన్నవాళ్లు ఉన్నారు. అది తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. డబ్బు విషయానికొస్తే, అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియాన్ 2021లో ఒక క్రిప్టోకరెన్సీ గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టింది. ప్రకటన అన్న హ్యాష్‌ట్యాగ్ కూడా పెట్టింది గానీ, దానికి తనకు 2,50,000 డాలర్లు ముట్టాయన్న సంగతి చెప్పలేదు. 2022 అక్టోబర్‌లో అమెరికాలో షేర్ మార్కెట్‌ను చూసే సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థతో 12 లక్షల 60 వేల డాలర్లు కట్టేలా ఒప్పందానికి వచ్చింది. "ఈ షేరు కొనండి", "ఈ కాయిన్ పెరుగుతుంది", "ఈ మాత్రతో షుగర్ పోతుంది" అన్న మాట వినపడగానే పైకి తోసేయండి, ఆలోచించడానికి కూడా కూర్చోకండి.

మరి అందరూ ఇంతేనా అని అడిగారు. లేదు. నేను ఏళ్లుగా చూస్తున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్ల మాట మీద వస్తువులు కొన్నాను, కొన్నందుకు బాధపడలేదు. వాళ్లలో నేను గమనించింది ఏంటంటే, వాళ్ల పాత వీడియోల్లోకి వెళ్తే "ఇది నాకు పనికి రాలేదు" అన్నవి దొరుకుతాయి, అదీ పేరు చెప్పి. మెచ్చుకునేటప్పుడు కూడా ఇది ఎవరికి పనికిరాదో చెబుతారు, పొడి చర్మం వాళ్లు తీసుకోకండనో, చేతులు చిన్నగా ఉన్నవాళ్లకు ఇది బరువనో. ఆరు నెలల కిందట మెచ్చుకున్న వస్తువు ఇప్పటికీ వాళ్ల వెనక అరలో సగం ఖాళీ అయి కనపడుతుంది. కంపెనీ పంపిందా, సొంత డబ్బుతో కొన్నారా అన్నది మొదటి మాటల్లోనే చెప్పేస్తారు. కామెంట్లలో ఎవరైనా "నాకు పొక్కులొచ్చాయి" అని రాస్తే దాన్ని తీసేయకుండా జవాబిస్తారు. మీరు ఫాలో అయ్యే ఆ అమ్మాయి పాత వీడియోలు ఒక గంట కూర్చుని ఇలా చూడండి. మొదటి సీరమ్ ఇప్పుడు ఆమె అరలో ఉందా? "జీవితం మారిపోయింది" అన్నది ఎన్నిసార్లు, ఎన్నిటికి అంది? మీకే తెలిసిపోతుంది, నేను చెప్పక్కర్లేదు.

కొనేటప్పుడు నేను పాటించేవి కూడా కొన్ని చెబుతాను. వీడియోలోని లింక్ నొక్కను, వస్తువు పేరు రాసుకుని వారం తర్వాత చూస్తాను. "ఈ రోజు రాత్రి వరకే" అన్న తొందర వారం దాటితే ఏమీ మిగలదు, సగం వస్తువులు అసలు ఎందుకు రాసుకున్నానో కూడా గుర్తుండదు. వారం తర్వాత కూడా కావాలనిపిస్తే దాని పేరుతో పాటు "దురద", "పాడైంది", "వాపసు" లాంటి మాటలు కలిపి వెతుకుతాను, మెచ్చుకునేవాళ్లు ఎలాగూ వెతక్కుండానే ఎదురవుతారు. ముఖానికి రాసేదైతే చిన్న సీసా కొని, మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు వారం పది రోజులు రాసి, ఏమీ కాకపోతేనే ముఖానికి. అమెరికాలో చర్మ వైద్యుల అకాడమీ చెప్పే పద్ధతి కూడా ఇదే. మీకు పదో రోజుకి బుగ్గల మీద వచ్చిన పొక్కులు బహుశా మోచేతి దగ్గరే ఆగిపోయేవి.

మీ ఆయన నవ్వారన్నారు. ఆయన చెప్పిన విషయం చాలావరకు సరైనదే, నవ్వాల్సిన సమయం మాత్రం అది కాదు. బుగ్గలు మండుతున్న మనిషికి ముందు కావాల్సింది "డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద" అన్న మాట. ఆయనకు ఈ మాట చెప్పండి, కోపంగా కాకుండా. ఏదో ఒక రోజు ఆయన కూడా ఎవరో ఫోన్ బాగుందన్నారని కొని ఉంటారు, ఆ సంగతి అడిగితే ఇద్దరూ ఒకే వైపు కూర్చుని మాట్లాడుకోవచ్చు.

అన్‌ఫాలో చేయలేకపోతున్నందుకు సిగ్గుపడకండి. మూడేళ్లు రోజూ విన్న గొంతు అది. మీకు దిగులుగా ఉన్నప్పుడు ఆమె మాటలు తోడుగా అనిపించి ఉంటాయి, అదేమీ అబద్ధం కాదు. ఆమె కబుర్లు వినండి, నవ్వండి, బాగుంటే బాగుందనుకోండి. చేతిలోకి సీసా వచ్చిన క్షణం నుంచి మాత్రం అంగడి తెరిచిందని మీకు మీరే చెప్పుకోండి. కొన్నాళ్లకు ఇది కష్టంగా తోస్తే, అంటే ప్రతి వీడియో చూస్తుంటే ఆ పొక్కులే గుర్తొస్తుంటే, మ్యూట్ చేసి ఒక నెల చూడండి. నెల తర్వాత ఆమెను చూడాలని అనిపిస్తుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

ఇంకో పని కూడా చేయమంటాను, ఆలోచించుకుని చేయండి. ఆమెకు రాయండి. అందరికీ కనపడే కామెంట్ అయితే ఆమె ముందు తనను తాను కాపాడుకోవాలని చూస్తుంది, అందుకే ముందు మెసేజ్ పెట్టండి. తిట్టొద్దు. ఫలానా రోజు మీ లింక్‌లో ఈ సీరమ్ కొన్నాను, పదో రోజుకి ఇలా అయింది, ఫొటో ఇదిగో, మీరు దీన్ని ఎన్ని రోజులు వాడాక ఆ వీడియో చేశారు, ఇప్పుడూ వాడుతున్నారా, అని నాలుగు లైన్లు. ఆ వస్తువు వెనక ఉన్న కంపెనీ నంబర్‌కు, ఈ-మెయిల్‌కు కూడా ఇవే వివరాలు పంపండి, డబ్బు వాపసు అడగండి. జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదు విభాగానికి వెళ్లొచ్చు, అప్పుడు ఆ ఫొటోలు, ఆ సీసా, ఆర్డర్ వివరాలు పనికొస్తాయి. ఆమె జవాబిచ్చి, సంగతి దాచకుండా తన వీడియో కింద "కొందరికి పడలేదు" అని ఒక్క లైన్ చేర్చినా మీలాంటి ఇంకొకరి బుగ్గలు బాగుంటాయి. చదివి కూడా ఏమీ అనకపోతే, ఆమెను ఫాలో అవ్వాలా వద్దా అన్న మీ ప్రశ్నకు నా సలహా అవసరం ఉండదు.

ఈ వారమే డాక్టర్‌కు చూపించుకోండి, సీసా మర్చిపోకుండా. ఆయన ఏమన్నారో, ఆ అమ్మాయి ఏం జవాబిచ్చిందో నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.